తలుపులత్త టోపీ

ముందు చప్పుడు వినిపిస్తుంది. ధబ్. బరువైనదేదో మెత్తగా తన చోట్లో కూర్చున్న చప్పుడు. కాస్త ఆగి మళ్లీ ధబ్. వీధి ఇంకా కళ్లు నులుముకుంటూ ఉంటుంది. పాలవాడి సైకిలు మలుపు దగ్గర గంట కొట్టి మాయమవుతుంది. మూడో ధబ్. ఆ తర్వాత ఒక విరామం, అందులో అద్దం కిందికి దిగుతున్న గరగర, ఆపైన నాలుగోది. నాలుగు చప్పుళ్లూ ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి.

పై గదిలో అద్దెకు దిగిన కొత్తలో ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. ఒకరోజు కిటికీ తీసి చూశాను. గోడ వారన బూడిదరంగు కారు, ఆ కారు చుట్టూ తిరుగుతున్న పొట్టి మనిషి. నెరిసిన జుట్టును చెవుల వెనక్కి గట్టిగా బిగించి కట్టుకుంది. కుడి భుజం ఎడమ భుజం కన్నా కొంచెం కిందికి ఉంది, నేల ఆ వైపు నుంచి రోజూ కొంచెం కొంచెంగా పిలుస్తున్నట్టు. తల ఎత్తకుండానే అంది: "నిద్ర చెడితే చెడిందిలే. అద్దె తగ్గదు."

వీధి ఆవిడను తలుపులత్త అంటుంది. కార్ల ఫ్యాక్టరీలో పనికి చేరినప్పటి నుంచి దిగిపోయేదాకా తలుపులే బిగించింది. మెల్లగా కదిలే కన్వేయరు పట్టా మీద కారు మొండెం వచ్చి ఆగుతుంది. తలుపు తగిలించాలి, కీలు సరిచెయ్యాలి, అంచున రబ్బరు పట్టీ కూర్చోబెట్టాలి, ఒకసారి వేసి చెవి పెట్టి వినాలి. చప్పుడులో డొల్ల ఉంటే మళ్లీ విప్పాలి.

"చివరి తలుపు ఎప్పుడూ మొండిది," అని ఒకసారి చెప్పింది. "మూడూ మూసేశాక లోపల గాలికి దారి ఉండదుగా. అది తలుపును తోస్తుంది. మనం ఇంకా గట్టిగా కొడితే అదీ గట్టిగా తోస్తుంది. ఎదుటివైపు అద్దం వేలెడంత దించితే సరి."

అంత చిన్న సంగతి చెబుతున్నప్పుడు కూడా ఆవిడ గొంతులో ఎవరితోనో పోట్లాట ఉంటుంది. ఎవరితో అన్నది నాకు నెమ్మదిగా తెలిసింది.

ఆ ఫ్యాక్టరీ ఒకసారి చావబోయింది. తలుపులత్త కొడుకు అప్పటికి బడికి పోతున్నాడు. బండ్లు అమ్ముడుపోక యార్డులో వరసలు వరసలుగా నిలబడి తడిసేవట. వాటి అద్దాల్లో పిచ్చుకలు తమ నీడలను పొడుచుకునేవట. అప్పుడు ప్రభుత్వం సొమ్ము పోసింది. పేపర్లు దాన్ని బెయిలవుట్ అన్నాయి. వీధి ఊపిరి అంది. ఇప్పటికీ ఇక్కడ ఏ సంగతైనా ఊపిరికి ముందు, ఊపిరికి తర్వాత అనే చెబుతారు.

ఊపిరికి షరతులున్నాయి. అప్పటికి పనిలో ఉన్నవాళ్ల జీతం, పింఛను, క్లినిక్కు కదలవు. ఇకపై చేరబోయేవాళ్లకు మాత్రం అదే పనికి సగం జీతం. పింఛను లేదు, క్లినిక్కు లేదు, యూనియన్లో ఓటు లేదు. పాతవాళ్లకు పసుపు టోపీలు, కొత్తవాళ్లకు నీలం టోపీలు.

దీనికి కార్మికులు ఒప్పుకోవాలి. ఆ ఫ్యాక్టరీలో ఓటు చీటీతో వెయ్యరు, చెయ్యి ఎత్తీ వెయ్యరు. కాళ్లతో వేస్తారు. షిఫ్టు దిగి ఇంటికి వెళ్లేటప్పుడు, సరే అన్నవాళ్లు పెద్దగేటులోంచి వెళ్తారు, కాదన్నవాళ్లు సైకిళ్ల షెడ్డు పక్కన చిన్నగేటులోంచి వెళ్తారు. రెండు గేట్ల దగ్గరా మనుషులు నిలబడి టోపీలు లెక్కపెడతారు. ఎవరు ఎటు పోయారో అందరికీ తెలుస్తుంది. దాచుకునే ఓటు ఓటే కాదని ఆ ఫ్యాక్టరీ పెద్దలు ఎప్పుడో అనుకున్నారట.

ఆ సాయంత్రం పెద్దగేటు కిక్కిరిసిపోయింది. తలుపులత్త అందులోంచే వెళ్లింది. ఆవిడ భర్త, ఫ్యాక్టరీ పెయింటు షాపులో కార్లకు రంగులేసే పెయింటాయన కూడా, అందులోంచే వెళ్లాడు. నీలం టోపీలవాళ్లు ఇంకా ఎక్కడా లేరు. వాళ్లలో కొందరు పుట్టనే లేదు. లేనివాళ్ల వాటా కోయడం తేలిక. కత్తికి రక్తం అంటదు.

ఫ్యాక్టరీ బతికింది. బతికాక ఏరు దాటి తెప్ప తగలేసినట్టే చేసింది. మేనేజర్లకు అద్దాల మేడ లేచింది. ఎవరూ కొనని అదే బరువు బండి, ముందు దీపాలు మాత్రం మార్చుకుని, ఏటేటా కొత్త పేరుతో వచ్చింది. కింద పరుపు ఉందని తెలిసినవాడు గోడ మీద జాగ్రత్తగా ఎందుకు నడుస్తాడు? వీధిలో సెలూన్ నడిపే కత్తెర బాబాయి మాత్రం ఆ పరుపులో దూది తనదేనని ఎప్పుడూ గుర్తుచేసేవాడు.

"నా కత్తెర కట్టిన పన్నులో ఒక ముక్క నీ జీతంలో ఉందమ్మా. నెలకోసారైనా నన్ను తల్చుకోవాలి."

"తల్చుకుంటున్నాగా. అందుకే మా ఆయనకి గుండు చేయించట్లేదు. ఆ నాలుగు వెంట్రుకలూ నీ ఆదాయమని ఉంచాను."

ఏళ్లు గడిచేకొద్దీ పసుపు తగ్గి నీలం పెరిగింది. కంపెనీ ఒక పద్ధతి పెట్టింది. పట్టాకు అటు ఒకరు, ఇటు ఒకరు, జతగా పని. పాతవాళ్ల ఎదురుగా కొత్తవాళ్లను నిలబెడితే శిక్షణకు వేరే ఖర్చుండదని కంపెనీ లెక్క. తలుపులత్తకు ఎదురుగా ఒక పిల్ల వచ్చి నిలబడింది. సన్నగా, నీలం టోపీ కనుబొమ్మల మీదికి జారుతూ. మధ్యలో కారు మొండెం. అటు తలుపు సందులోంచి ఆ మొహం, ఇటు సందులోంచి ఈ మొహం. రోజంతా వాళ్లిద్దరి మాటలు ఖాళీ కార్లలోంచి ప్రయాణం చేసేవి. ఎన్నో ఊళ్లలో ఎవరెవరో నడుపుతున్న ఆ కార్లలో ఆ కబుర్లు ఇంకా మిగిలే ఉంటాయని నాకు అనిపిస్తుంది, సీట్ల కింద, రబ్బరు పట్టీల వెనక.

షిఫ్టు బస్సు నడిపేది తలుపులత్త కొడుకే. ఆ పిల్ల డ్రైవరు వెనక సీటు వదిలేది కాదు. అలా ఎదుటి తలుపు కోడలైంది.

ఇంట్లో ఇద్దరికీ పెద్ద గొడవలేమీ లేవు. ఒకే ఒక్క ముల్లు ఉండేది. ఒకే పట్టా, ఒకే పని, ఒకే అలసట. ఇంటికి వచ్చే జీతంలో మాత్రం అత్తది నిండు, కోడలిది సగం. ఒకసారి అన్నం దగ్గర కోడలు అంది, "మీ పెద్దగేటు దయ, అత్తయ్యా."

తలుపులత్త ముద్ద ఆపలేదు. "అవును. ఆ గేటులోంచి పోయాను కాబట్టే నీ మొగుడు చదువుకున్నాడు. నువ్వు తినే ఈ కంచం ఆ గేటులోంచి వచ్చిందే. నేను ఏడుస్తాననుకోకు."

"ఏడవమనలేదు. గుర్తుపెట్టుకోమన్నాను."

"మర్చిపోతేగా."

పెయింటాయన ఇద్దరినీ చూసి మజ్జిగ గ్లాసు ఎత్తాడట: "అత్తలేని కోడలు ఉత్తమురాలంటారు. మన ఇంట్లో ఇద్దరూ ఉత్తములే, కాబట్టి ఇంకో ముద్ద పెట్టండి." నవ్వి, దగ్గి, చాలాసేపు దగ్గాడు. ఏళ్ల తరబడి పీల్చిన రంగు ఆయన ఊపిరితిత్తుల్లో పొరలు పొరలుగా ఉంది. ఏ కారుకి ఏ రంగు వేశాడో డాక్టరు లోపలికి చూసి చెప్పగలడని ఆయన జోకు. ఆయన మందులు, గాలి పట్టే యంత్రం, అన్నీ ఫ్యాక్టరీ క్లినిక్కులోనే.

తలుపులత్త దిగిపోవడానికి ఇంకొన్నాళ్లే ఉండగా ఫ్యాక్టరీ మళ్లీ పడబోయింది. మళ్లీ వెళ్లి ప్రభుత్వం గుమ్మం ముందు నిలబడింది. రెండో ఊపిరి. ఈసారి షరతు ఇది: నీలం టోపీలకు నెల జీతం ఉండదు, పని ఉన్న రోజు పిలుస్తారు, లేని రోజు లేదు. పసుపు టోపీల జోలికి రారు. ఓటు మాత్రం, ఎప్పటిలాగే, పసుపు టోపీలదే.

యూనియన్ లీడరు ఇంటికి వచ్చాడు. గోడ మీద పిల్లి అని పేరున్న మనిషి. ఎటు దూకేదీ చివరిదాకా గోడకు కూడా తెలియదు. కుర్చీ అంచున కూర్చుని టీ గ్లాసును రెండు చేతులా పట్టుకున్నాడు. కోడలు లోపలి గదిలో ఉంది. తలుపు తెరిచే ఉంది.

"అక్కా, నీ మాట వింటారు. నువ్వు ముందు నడిస్తే మిగతావాళ్లు వెనకే వస్తారు. పోయినసారి నడిచావుగా."

"నడిచాను."

"మరి? మనకేం నష్టం లేదు. పైపెచ్చు క్లినిక్కు ఉంటుంది. బావ పరిస్థితి నీకు నేను చెప్పాలా?"

మంచం మీంచి పెయింటాయన అందుకున్నాడు. "ఏయ్, నా ఊపిరితిత్తుల్ని నీ జేబులో వేసుకోకు. పాతవి, రంగు అంటుకుంటుంది."

"బావా, నవ్వులాట కాదు. ఊపిరి రాకపోతే ఫ్యాక్టరీయే ఉండదు. నీలం వాళ్లకీ ఉండదు. సగం రొట్టె నయమా, ఏమీ లేకపోవడం నయమా?"

"పోయినసారి సగం అన్నారు," అంది తలుపులత్త. "ఇప్పుడు ఆ సగంలో సగం. మూడోసారి వచ్చినప్పుడు రొట్టె కాల్చిన పెనం వాసన చూపిస్తారా?"

"అది నీ సమస్య కాదక్కా. అప్పటికి నువ్వు ఇంట్లో కాళ్లు చాపుకుని ఉంటావు."

లోపలి గదిలో ఏదో గిన్నె కింద పడింది. పడేశారో, పడిందో. లీడరు లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "కోడలి మాట విని కొంప ముంచుకోకు," అన్నాడు.

"నా కోడలు ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు కోపం."

అతను వెళ్లాక ఇల్లు చాలాసేపు గాలి నిండిన కారులా ఉంది. కోడలు వచ్చి గ్లాసులు తీసింది.

"పెద్దగేటులోంచే వెళ్లండి, అత్తయ్యా. మావయ్యకి మందులు కావాలి. నేను ఇంకెక్కడైనా చూసుకుంటాను."

"ఎక్కడ?"

కోడలు కిటికీలోంచి బయటికి చూసింది. ఆ చుట్టుపక్కల పొగగొట్టాలన్నీ ఆ ఫ్యాక్టరీవో, దాని మీద బతికేవో. ఎక్కడ అన్న ప్రశ్నకు కిటికీలోంచి కనిపించేదంతా ఒకటే జవాబు.

పెయింటాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి గోడతో అన్నట్టు అన్నాడు: "ఏమోయ్, నన్ను చూపించి ఎటూ నడవకు. చచ్చాక కూడా దగ్గుతాను."

ఓటు రోజు షిఫ్టు దిగే వేళ. ఆ ఘట్టం నాకు తలుపులత్త చెప్పింది, కోడలు చెప్పింది, కత్తెర బాబాయి అక్కడ లేకపోయినా అందరికన్నా వివరంగా చెప్పాడు. ఎండ వాలుతోంది. పసుపు టోపీలు వాకిట్లో చేరాయి. ఓటు లేని నీలం టోపీలు రెండు గేట్ల మధ్య గోడకు ఆనుకుని, బడి బయట నిలబెట్టిన పిల్లల్లా, చూస్తున్నాయి. తమ బతుకును ఎవరెవరి కాళ్లు ఎటు తీసుకెళ్తాయో చూడటమే ఆ రోజు వాళ్ల పని.

తలుపులత్త ముందు నడిచింది. లీడరు పెద్దగేటు దగ్గర నవ్వు సిద్ధంగా పెట్టుకుని ఉన్నాడు. ఆవిడ రెండు గేట్లు చీలే చోట ఆగింది. గోడవైపు తిరిగి, "అమ్మాయ్, ఇలా రా," అంది.

కోడలు వచ్చింది. తలుపులత్త తన పసుపు టోపీ తీసి ఆమె తల మీద పెట్టింది. ఆమె నీలం టోపీ తీసుకుని తను పెట్టుకుంది.

"ఏం చేస్తున్నారు, అత్తయ్యా?"

"నీ నడక నువ్వే నడువు. పోయినసారి నువ్వు లేనప్పుడు నీ బదులు నేను నడిచాను. ఇప్పుడు ఉన్నావుగా."

"ఎటు వెళ్లను?"

"అది నేను చెబితే టోపీ ఎందుకిచ్చినట్టు?"

లెక్కపెట్టేవాడు అడ్డం వచ్చాడు. కంగారులో చేతిలోని లెక్క యంత్రం మీట రెండుసార్లు నొక్కాడు. "టోపీ నీదీ, తల ఆవిడదీ. ఇది కుదరదమ్మా."

"నిన్ను దేన్ని లెక్కపెట్టమన్నారు?"

"టోపీల్ని."

"మరి తలలతో నీకేం పని?"

గోడ దగ్గర ఎవరో నవ్వారు. కోడలు నిలబడిపోయింది. నాతో చెప్పినప్పుడు ఆమె అన్న మాట: "ఆ టోపీ అంత బరువుంటుందని తెలీదు. మావయ్య దగ్గంతా అందులో ఉన్నట్టుంది." ఆమె పెద్దగేటు వైపు ఒక అడుగు వేసింది. నిజంగానే వేసింది. ఆ అడుగు తలుపులత్త చూసింది, ఏమీ అనలేదు. నీలం టోపీ కింద ఆవిడ మొహం, వేసిన తలుపులా, బిగుసుకుని ఉంది. కోడలు ఆగి, వెనక్కి తిరిగి, చిన్నగేటులోంచి బయటికి వెళ్లింది.

అప్పుడు చక్రాలు బిగించే పెద్దాయన తన ఎదుటి కుర్రదాన్ని పిలిచాడు. ఆ వెనకే, కార్లలో సీట్లు బిగించే ఇద్దరు తమ జతలను పిలిచారు. ప్రతి పసుపు టోపీకీ పట్టా అవతల ఒక నీలం మొహం ఉంది. ఏళ్ల తరబడి ఖాళీ కార్లలోంచి చూసిన మొహం. ఖర్చు తగ్గుతుందని కంపెనీ కట్టిన జతలే వాకిట్లో ఒకదాన్నొకటి వెతుక్కున్నాయి. అందరూ ఇవ్వలేదు. కొందరు టోపీని గాలివానలో పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని పెద్దగేటులోంచి పరిగెత్తారు. టోపీ అందుకున్న నీలం వాళ్లలోనూ కొందరు, భయపడి, పెద్దగేటులోంచే పోయారు. తలుపులత్త వాళ్లను కూడా ఏమీ అనలేదు. ఎవరి నడక వాళ్లది.

చిన్నగేటు గెలిచింది. లీడరు ఓటు చెల్లదని అరిచాడు. కంపెనీ, ఇక తాళమే అంది. పేపర్లు మూర్ఖత్వం అన్నాయి. కత్తెర బాబాయి ఆ వారమంతా ఎవరికీ తిన్నగా కటింగ్ చెయ్యలేకపోయాడు. "ఫ్యాక్టరీ పోతే నా సెలూనుకి వచ్చే తలలేవి? టోపీ ఒకటి తియ్యగానే వీధంతా బోడైంది," అన్నాడు ఆవిడతో, మొహం మీదే.

"పోనీలే. నీ పన్ను మిగులుతుంది," అంది.

కానీ తాళం పడలేదు. పడనివ్వరని ఆవిడ ముందే ఊహించిందా అని అడిగాను. లేదంది. "ఊహించి చేస్తే అది జూదం. నేను జూదం ఆడలేదు." అంత పెద్ద ఫ్యాక్టరీని పడనిస్తే దాని కింద ఎందరు పడతారో పైవాళ్లకూ తెలుసు. నీలం టోపీల షరతు లేకుండానే రెండో ఊపిరి వచ్చింది. ఊరికే రాలేదు. ఒక షిఫ్టు ఎత్తేశారు. క్లినిక్కు మూసేశారు. గేటు దగ్గర క్రమశిక్షణ తప్పిందని తలుపులత్తను దిగిపోయే రోజుకు ముందే ఇంటికి పంపారు. వీడ్కోలు సభ లేదు, దండ లేదు, ఫోటో లేదు. నీలం టోపీల జీతం సగం సగంలాగే ఉంది. ఓటు మాత్రం, మరుసటి ఏడు, వచ్చింది. టోపీల రంగులు తీసేసి అందరికీ తెల్లవి ఇచ్చారు, ఇకపై మార్చుకున్నా తెలియకుండా.

ఎత్తేసిన షిఫ్టులో పని పోయినవాళ్లలో కొందరు ఆవిడతో మాట్లాడరు. చక్రాల పెద్దాయన కూడా. ఎదురైతే ఆవిడే ముందు పలకరిస్తుంది, జవాబు రాకపోయినా.

ఇప్పుడు పెయింటాయన మందులు ఊరి ఆసుపత్రిలో. తెల్లవారకముందే వరసలో నిలబడాలి. కోడలు షిఫ్టుకు వెళ్తూ ఆయన్ను బూడిదరంగు కారులో దింపుతుంది. మొదటి ఊపిరి పోసిన ఏడాది పట్టా మీంచి దిగిన బండి అది; ఎడమవైపు తలుపులు ఎవరు బిగించారో చెప్పనక్కర్లేదు. రోజూ ఉదయం తలుపులత్త ఆయన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి, దిండు సర్ది, కారు చుట్టూ తిరిగి ఒక్కొక్క తలుపే వేస్తుంది. నన్ను నిద్రలేపే నాలుగు చప్పుళ్లు అవే.

నేను ఆ గది ఖాళీ చేసిన ఉదయం పెట్టె పట్టుకుని కిందికి దిగాను. కోడలు స్టీరింగు దగ్గర ఉంది, తెల్ల టోపీ ఒళ్లో పెట్టుకుని. వెనక సీట్లోంచి పెయింటాయన చెయ్యి ఊపాడు. "మా ఆవిడ గురించి రాస్తావటగా. నా రంగు కూడా కొంచెం వెయ్యి," అన్నాడు, ఊపిరి కూడదీసుకుంటూ. మూడు తలుపులు అప్పటికే వేసి ఉన్నాయి. నాలుగోదాని మీద తలుపులత్త చెయ్యి ఉంది. ఆ రోజు కోడలు తనంతట తనే ఎదుటి అద్దం వేలెడంత దించింది.

క్లినిక్కు పోతుందని ముందే తెలిసి ఉంటే టోపీ ఇచ్చేదా అని అడిగాను. లోపలి మనిషికి వినబడకూడదని గొంతు తగ్గించి అడిగాను. ఆవిడ గొంతు తగ్గించలేదు.

"రాసుకో. పెద్దగేటులోంచి పోయినదాన్నీ నేనే, టోపీ ఇచ్చినదాన్నీ నేనే. మొదటిది తప్పనీ రెండోది ఒప్పనీ జత కలిపి నన్ను మంచిదాన్ని చెయ్యకు. మా ఆయన దగ్గును చూపించి జాలి అడగకు. రేపు మూడోసారి ఊపిరి కావాలని వస్తారు, రాకేం చేస్తారు. అప్పుడు నా తల మీద టోపీ ఉండదు. కాళ్లుంటాయి, వచ్చి గేటు దగ్గర నిలబడతాను. ఇక పక్కకి జరుగు, తలుపు వెయ్యాలి."